తెలుగు మాసపత్రిక పెట్టి నిలబెట్టడం ఎలా: డబ్బు లెక్క నుంచి తపాలా కట్ట దాకా

పత్రిక పెట్టాలనుకునేవాళ్లు మొదట పేరు ఆలోచిస్తారు. తర్వాత లోగో. ఆ తర్వాత, మొదటి సంచికకి ఏ పెద్ద రచయితని అడగాలా అని తర్జనభర్జన. డబ్బు సంగతి నాలుగో సంచిక దగ్గర గుర్తొస్తుంది, అప్పటికి ప్రెస్సు వాళ్ల బాకీ రెండు నెలలకి చేరి ఉంటుంది. అందుకే ఇక్కడ ఆ వరసని తిరగేసి, డబ్బుతో మొదలుపెడుతున్నాను. నా దృష్టిలో ఉన్నది వెయ్యి ప్రతుల చిన్న మాసపత్రిక. అది కథలది కావచ్చు, వ్యవసాయానిది కావచ్చు, పిల్లలది కావచ్చు, ఒక జిల్లా చరిత్రది కావచ్చు.

1. మీ పత్రికను ఎవరు మోస్తారో ముందే తేల్చుకోండి

తెలుగు పత్రికల చరిత్రలో గొప్ప సంపాదకుల గురించి చాలా చెప్పుకుంటాం. ఆ సంపాదకుల వెనక ఏ వ్యాపారం ఉందో తక్కువ చెప్పుకుంటాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది, 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. తలనొప్పి మందు లాభం లేకపోతే భారతి అన్నేళ్లు అంత నిక్కచ్చిగా సాహిత్యాన్ని వేసుకోగలిగేది కాదని నా అభిప్రాయం. 1928లో మద్రాసు నుంచి స్త్రీల కోసం గృహలక్ష్మి తెచ్చిన డాక్టర్ కె.ఎన్. కేసరి వెనక లోధ్ర అనే ఆయుర్వేద మందు వ్యాపారం ఉంది. 1947 జులైలో చందమామ పుట్టినప్పుడు నాగిరెడ్డి గారికి అప్పటికే సొంత ప్రెస్సు ఉంది. విపుల, చతుర 1978లో వచ్చి నాలుగు దశాబ్దాలు నడిచాయంటే, వెనక ఈనాడు అనే దినపత్రిక, దాని ముద్రణాలయాలు, ఏజెంట్ల వ్యవస్థ ఉన్నాయి.

ఆ భుజం కిందికి దిగిన రోజు పత్రికా దిగిపోయింది. ఆంధ్రపత్రికతో పాటే 1991లో భారతి ఆగింది. చందమామ 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది, ఆ కంపెనీ కష్టాల్లో పడ్డాక మళ్లీ కోలుకోలేదు. విపుల, చతుర, బాలభారతం, తెలుగు వెలుగు నాలుగూ 2021లో ఒకేసారి ఆగిపోయాయి. చదివేవాళ్లు ఒక్కరోజులో మాయమైపోలేదు. నష్టాన్ని ఇంకెంతకాలం మోయాలన్న నిర్ణయం మాత్రం ఒక్కరోజులో జరిగింది.

దీన్నుంచి మీరు చేయాల్సిన పని ఏమిటంటే, ఒక కాగితం తీసుకుని రెండేళ్ల పాటు లోటును ఎవరు పూడుస్తారో పేరుతో సహా రాయండి. మీ జీతమా, మీ ప్రెస్సా, పుస్తకాల ప్రచురణా, విత్తనాల షాపా, ఓ యాభైమంది మిత్రుల నెలవారీ విరాళమా? చివరిది చిన్నచూపు చూడాల్సింది కాదు. వరంగల్ నుంచి 1966లో మొదలైన సృజన సాహితీ మిత్రుల బలంతోనే పాతికేళ్లు నడిచింది. కాగితం మీద పేరు రాయలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి.

2. లెక్క వేయండి, కలలు కనకుండా

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఊళ్లో ప్రెస్సు ఇచ్చే కొటేషన్‌ని వీటి స్థానంలో పెట్టుకోండి.

వెయ్యి ప్రతులు వేస్తున్నారు, ఒక్కోటి అచ్చుకి 28 రూపాయలు అయిందనుకుందాం: 28,000. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని), బొమ్మలు, రచయితలకు పారితోషికం, ఫోన్లు, ఆటోలు కలిపి 12,000. చందాదారులకు 600, రచయితలకు, గ్రంథాలయాలకు ఉచితంగా 100, మొత్తం 700 ప్రతులు పోస్టులో వెళ్తాయి. కవరు, పోస్టు కలిపి ప్రతికి 5 రూపాయలనుకుంటే 3,500. ఖర్చు 43,500.

విడి ప్రతి వెల 50. ఏడాది చందా 600, కాబట్టి ఆరువందల మంది చందాల వాటా నెలకి 30,000. మిగిలిన 300 ఏజెంట్లకు వెళ్తే సగం తిరిగొస్తాయి. అమ్ముడుపోయిన 150 మీద 35 శాతం కమీషన్ పోగా 4,875 చేతికొస్తుంది. అదీ వాళ్లు ఇచ్చినప్పుడు. రాబడి 34,875. నెలకి 8,625 లోటు, ఏడాదికి లక్షా మూడున్నర వేలు.

ఆరువందల మంది చందాదారులంటే చిన్న సంఖ్య కాదు. అయినా లోటే. ఈ లక్ష రూపాయలే మొదటి అంచెలో మీరు రాసిన పేరు మోయాల్సిన బరువు.

ఇంకో సంగతి. చందా ముందే వస్తుంది. ఆరువందల మంది ఏడాది చందా 600 చొప్పున కడితే మొదటి రెండు నెలల్లోనే 3,60,000 ఖాతాలో కనిపిస్తుంది. ఆ డబ్బు చూసి రంగుల పేజీలు పెంచుతారు, ఆవిష్కరణ సభ ఘనంగా చేస్తారు. అది మీ ఆదాయం కాదండీ, మీరు ఇంకా పంపని పన్నెండు సంచికల తాలూకు అప్పు. వేరే ఖాతాలో పెట్టి, సంచిక పోస్టు చేసిన రోజున 30,000 మాత్రమే తీసుకోండి. జీవిత చందా మాత్రం వసూలు చేయకండి. అది పాఠకుడి జీవితమా పత్రిక జీవితమా అని మనవాళ్లు జోకు వేసేది ఊరికే కాదు.

3. ఎన్నాళ్లకోసారి? ఏ పేరుతో?

మాసపత్రికా, త్రైమాసికా అన్నది రాసేవాళ్ల ఓపిక మీదే ఆధారపడదు, తపాలా మీద కూడా ఆధారపడుతుంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం 31 రోజులకు మించని వ్యవధిలో వస్తూ, నిజమైన చందాదారుల జాబితా ఉన్న పత్రికకే రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్ అనే తపాలా రాయితీ దక్కేది. త్రైమాసికలకి ఆ మేలు లేదు. ఇప్పుడు 2023 పోస్టాఫీసు చట్టం వచ్చింది కాబట్టి నేటి షరతులు, రేట్లు తపాలా శాఖలో అడిగి రాసుకోండి. కౌంటర్లో కాకుండా, పత్రికల రిజిస్ట్రేషన్ చూసే డివిజన్ ఆఫీసులో అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.

పత్రికను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే రిజిస్ట్రేషన్ వేరు, అది ఇదివరకటి కంటే సులువైంది. 1867 నాటి చట్టం స్థానంలో ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, 2023 వచ్చి, 2024 మార్చి 1 నుంచి అమలవుతోంది. పాతకాలంలో కలెక్టరాఫీసులో డిక్లరేషన్, పేరు కోసం ఢిల్లీకి దరఖాస్తు, మళ్లీ ఇక్కడికి, మళ్లీ అక్కడికి. ఇప్పుడు ప్రెస్ సేవా పోర్టల్‌లో పేరుకీ రిజిస్ట్రేషన్‌కీ కలిపి ఒకేసారి దరఖాస్తు పెడతారు. జిల్లా అధికారి అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ప్రెస్సు యజమాని కూడా తన వివరాలు ఆన్‌లైన్లోనే తెలియజేయాలి, కాబట్టి ప్రెస్సు ఖరారు చేసుకున్నాకే దరఖాస్తుకి కూర్చోండి. నమోదు లేకుండా పత్రిక తెస్తే జరిమానా 5 లక్షల దాకా పడొచ్చు.

పేరు విషయంలో ముచ్చట పడితే దెబ్బ తింటారు. ఇప్పటికే ఎవరో తీసుకున్న పేరుకి దగ్గరగా ఉంటే తిరస్కరిస్తారు. చిరకాలంగా రాకపోయినా రికార్డుల్లో బతికున్న పేర్లు బోలెడు. వెలుగు, జ్యోతి, వాణి, వాహిని లాంటి మాటలు ఎప్పుడో అయిపోయాయి. ప్రాధాన్య క్రమంలో నాలుగైదు పేర్లు సిద్ధం చేసుకోండి. పేరు చేతికొచ్చేదాకా లోగో గీయించకండి, బ్యానర్లు కొట్టించకండి.

నమోదయ్యాక ప్రతి సంచికలో యజమాని, ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుడి పేర్లు, అచ్చయిన చోటు, ప్రచురించిన చోటు ఉండాలి. ఏటా వార్షిక నివేదిక పోర్టల్‌లో పెట్టాలి. దీన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. క్యాలెండర్లో రాసుకోండి.

4. సైజు, కాగితం, బరువు

ప్రెస్సుకి వెళ్లాక అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఫారాలు?" అని. ఫారం అంటే ఒక పెద్ద షీటు మీద రెండువైపులా పడే 16 పేజీలు. 64 పేజీలంటే నాలుగు ఫారాలు. 60 పేజీలు చేస్తే ఆదా అవుతుందనుకోకండి, తెగిన ఫారం, అంటే 16 పేజీలు నిండనిది, కొన్నిసార్లు ఎక్కువే పడుతుంది. పేజీలు 8 లెక్కన పెంచండి, తగ్గించండి.

ఇక్కడ పోస్టు ఖర్చుకి సంబంధించిన కిటుకు ఒకటుంది. డబుల్ డెమీ షీటు 23×36 అంగుళాలు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) కాగితమైతే ఒక షీటు 37 గ్రాములు తూగుతుంది. ఆ షీటుని 16 పేజీలుగా మడిస్తే వచ్చే డెమీ 1/4 సైజులో 64 పేజీలకి నాలుగు షీట్లు, దాదాపు 150 గ్రాములు. 170 జీఎస్‌ఎం అట్ట ఇంకో 23 గ్రాములు. మొత్తం 170 దాటింది. అదే క్రౌన్ 1/4 సైజుకి దిగితే డబుల్ క్రౌన్ షీటు 20×30 అంగుళాలు, 60 జీఎస్‌ఎంలో 23 గ్రాములే. 56 పేజీలకి మూడున్నర షీట్లు 81 గ్రాములు, అట్ట 16 గ్రాములు. కవరు కాకుండా 97. చుట్టూ కత్తిరిస్తే ఇంకా తగ్గుతుంది. తపాలా రేటు 50, 100 గ్రాముల గీతల దగ్గర మారుతూ వచ్చింది కాబట్టి, వందకి లోపు మిగిలే ఆ మూడు గ్రాముల తేడా నెలనెలా ఏడువందల ప్రతుల మీద పడుతుంది. ప్రెస్సు దగ్గర అసలు కాగితంతోనే ఖాళీ డమ్మీ కుట్టించుకుని, కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి. అప్పుడు సైజు ఖాయం చేయండి.

వెయ్యి ప్రతులకి నాలుగు షీట్ల చొప్పున 4,000 షీట్లు, అంటే 8 రీములు. వేస్టేజీకి ఇంకో అర రీము. కాగితం మీరే కొనిస్తారా, ప్రెస్సు వాళ్లే వేసుకుంటారా అన్నది కొటేషన్లో తేల్చుకోండి. ఏ మిల్లు కాగితమో రాయించుకోండి, లేకపోతే మూడో సంచికకి రంగు మారుతుంది. ప్లేట్లు, మెషిన్ సెట్టింగు ఖర్చు మొదటి వెయ్యి మీదే పడుతుంది. రెండో వెయ్యికి చాలావరకు కాగితం ఖర్చే. అలాగని "ఇంకో అయిదొందలు వేసుకోండి సార్, తక్కువలో అవుతుంది" అంటే ఒప్పుకోకండి. మిగిలిన ప్రతులు మీ ఇంటి మంచం కిందే చేరతాయి.

పన్నుల మాట రెండు ముక్కల్లో. పత్రిక అమ్మకం మీద జీఎస్టీ లేదు. అందుకే కాగితం మీద మీరు కట్టిన పన్ను అమ్మకాల వాటా మేరకు తిరిగిరాదు, ఖర్చులో కలిసిపోతుంది. అచ్చు పత్రికలో ప్రకటనల చోటు అమ్మితే 5 శాతం.

5. రాతలు, అనుమతి, పేజీలు

పారితోషికం ఎంత చిన్నదైనా ఇవ్వండి. అయిదువందలు ఇచ్చే పత్రికకి ఒక రచన వెనక్కి పంపే ధైర్యం ఉంటుంది. ఏమీ ఇవ్వని పత్రిక మొహమాటానికి అన్నీ వేసుకుంటుంది, ఆరు నెలలకి చదివేవాళ్లు జారుకుంటారు.

బయటి రచయిత రాసిన దానిపై హక్కు ఆయనదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా భావిస్తారు. మీకు హక్కులు అక్కర్లేదు, రెండు వాక్యాల అనుమతి చాలు: "ఈ రచనను పత్రికలో, దాని వెబ్‌సైటులో, సంకలనంలో ప్రచురించుకోవచ్చు." రచన అందగానే ఈమెయిల్‌లో తీసుకోండి. పదేళ్ల తర్వాత మంచి కథల సంకలనం వేద్దామంటే, అప్పటికి కాలం చేసిన రచయిత వారసుల్ని వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు.

డీటీపీలో ఇప్పటికీ చాలామంది యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పనిచేస్తారు. అందులో కొట్టిన మేటర్ అలాగే నెట్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా సరిగ్గా కనిపించే అక్షర పద్ధతిలో) కంపోజ్ చేయించండి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక ఇంగ్లిషు పేజీ కొలతలు పనికిరావు. 11 పాయింట్ల అక్షరానికి వరసల మధ్య 15, 16 పాయింట్ల జాగా ఇస్తేనే "స్త్రీ" కింది ఒత్తు కింది వరసలోని గుడికి తగలకుండా ఉంటుంది. చిన్న సైజు పేజీలో మూడు కాలమ్‌లు పెట్టకండి. తెలుగు మాటలు పొడవు, వరసలో రెండే పట్టి మధ్యలో ఖాళీలు నోళ్లు తెరుస్తాయి.

ప్రూఫులు తెర మీద కాదు, కాగితం మీద చూడండి. మొదటిసారి కంపోజ్ చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చూడాలి. ఆఖరిసారి మాత్రం పేజీ నంబర్లు, విషయసూచిక, శీర్షికలు, ఫోన్ నంబర్లు, అట్ట మీద నెల పేరు, అంతే. తప్పులన్నీ అక్కడే దాక్కుంటాయి.

6. అమ్మకం

ఒకప్పుడు వారపత్రికలని సీరియల్ అమ్మిపెట్టింది. వచ్చేవారం ఏమవుతుందోనన్న ఉత్కంఠతో బస్టాండు కొట్టు దగ్గర ఎదురుచూసేవాళ్లు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఆ ఎదురుచూపు టీవీ ముందుకి మారింది. ఇవాళ కొట్టు మీద వేలాడదీస్తే కొనేస్తారన్న ఆశ చిన్న పత్రికకి వద్దు. ఏజెంట్లకి పంపేది పరిచయం కోసమే. హైదరాబాద్, విజయవాడల్లో పుస్తకాల షాపులు మూడు నాలుగింట చాలు, ఇచ్చే ప్రతులకి రసీదు తీసుకుని మూడు నెలలకోసారి లెక్క చూసుకోండి. దూరం ఊళ్లకి కట్టలు ఆర్టీసీ కార్గోలో వేయొచ్చు.

మీకు చందాదారులు దొరికే చోటు వేరు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరు చుట్టుపక్కల హైదరాబాద్ పుస్తక ప్రదర్శన. సొంత స్టాలు తీసుకోలేకపోతే ఇంకొకరి స్టాలులో ఒక బల్ల పంచుకోండి. పాత సంచిక ఒకటి చేతిలో పెట్టి, చందా ఫారం, క్యూఆర్ కోడ్ పక్కనే ఉంచండి. "తర్వాత కడతాను" అన్న మనిషి తర్వాత కట్టడు.

చిరునామాల జాబితా మీ అసలు ఆస్తి. పేరు, ఇంటి నంబరు, పిన్ కోడ్, ఫోన్, చందా ముగిసే నెల ఒక స్ప్రెడ్‌షీటులో ఉంచండి. లేబుల్ మీద పేరు పక్కనే ముగింపు నెల అచ్చు వేయండి, చందా గుర్తుచేసే ఉత్తరం ఖర్చు తప్పుతుంది. పిన్ కోడ్ వరసలో కట్టలు కట్టి ఇస్తే పోస్టాఫీసులో పని తేలిక, మీ ప్రతులూ తొందరగా కదులుతాయి. పోస్టు చేసిన రోజున వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. పది రోజులకి అందలేదన్నవాళ్లకి రెండో మాట లేకుండా ఇంకోటి పంపండి. అందుకోసం ఓ పాతిక ప్రతులు పక్కన పెట్టుకోవాలి. చందా పునరుద్ధరణ జరిగేదీ ఆగేదీ ఈ పాతిక ప్రతుల దగ్గరే.

7. ప్రకటనలు

అమెరికాలో 1893లో మన్సీ అనే ప్రచురణకర్త తన పత్రిక వెలను 25 సెంట్ల నుంచి 10 సెంట్లకి దించేశాడు. అమ్మకంలో వచ్చే నష్టాన్ని ప్రకటనలతో పూడ్చుకున్నాడు. పెద్ద పత్రికలన్నీ ఆ బాటే పట్టాయి. వెయ్యి ప్రతుల పత్రికకి అది ఆత్మహత్య. ప్రకటనకర్త అడిగేది సర్క్యులేషన్, మీ దగ్గర అది లేదు. వెల తగ్గించకండి.

మీ దగ్గర ఉన్నది ఒకే రకం పాఠకులు. వ్యవసాయ పత్రికైతే నర్సరీ, డ్రిప్పు పరికరాల డీలరు. పిల్లల పత్రికైతే బడి, పుస్తకాల షాపు. సాహిత్య పత్రికైతే ప్రచురణ సంస్థలు. వాళ్ల దగ్గరికి ఒక్క సంచికకి వెళ్లకుండా ఏడాదికి వెనక అట్ట, లోపలి అట్టలు మాట్లాడుకోండి. పై లెక్కలోని లోటు పూడాలంటే నెలకి 8,625 రావాలి, అంటే మూడు అట్టలు కలిపి తొమ్మిది వేలు. అసాధ్యమేమీ కాదు.

ఏడాదికోసారి ప్రత్యేక సంచిక వేయండి. ఆంధ్రపత్రిక 1910 నుంచి ఉగాది సంచికలు వేసింది. మామూలు నెలల్లో ప్రకటన అంటే మొహం చాటేసేవాళ్లు పండగకి శుభాకాంక్షలంటే సరేనంటారు. ప్రకటన డబ్బు ఒక్కటే కాదు, పేరూ అక్కడే వస్తుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు, ఇవాళ్టికీ దాని గురించే చెప్పుకుంటున్నాం. ప్రభుత్వ ప్రకటనల మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేయకండి. కొన్నేళ్లు ఆగకుండా వచ్చాకే ఆ జాబితాలో చోటు, బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

8. నెట్‌లోనే తెస్తే?

సాహిత్య పత్రికైతే అది కూడా మంచి దారే. అమెరికాలోని తెలుగువాళ్లు 1998 దీపావళికి మొదలుపెట్టిన ఈమాట ప్రకటనలు లేకుండా, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లతోనే నడుస్తోంది. అచ్చు, పోస్టు ఖర్చు ఉండదు. ప్రవాసంలో ఉన్నవాళ్లకీ ఊళ్లో ఉన్నవాళ్లకీ ఒకే గంటలో అందుతుంది. అయితే చందా కట్టేవాళ్లు అరుదు, కాబట్టి మొదటి అంచెలో రాసిన పేరు ఇక్కడ మరింత గట్టిది కావాలి. డబ్బు బదులు మీ సాయంత్రాలు ఖర్చవుతాయి. నా సలహా అడిగితే, మొదటి ఏడాది నెట్‌లో నడిపి, నాలుగు వందల మంది చందా ముందే కడితే అచ్చుకి దిగండి. అచ్చులో ఉన్నవాళ్లు పాత సంచికలని ఏడాది తర్వాత నెట్‌లో ఉచితంగా పెట్టేయాలి. మూడేళ్ల పాత సంచికకి డబ్బిచ్చి కొనేవాళ్లు లేరు, వెతికి చదివేవాళ్లు ఉన్నారు.

9. ఆపాల్సి వస్తే

ఇది మొదటి రోజే రాసుకోవాల్సిన అంచె. వరసగా మూడు నెలలు లోటు మీ పరిమితి దాటితే ఏం చేస్తారో భాగస్వాములంతా కలిసి సంతకాలు పెట్టుకోండి. రెండు నెలల సంచికలు కలిపి ఒకటిగా వేయడం మొదలైందంటే గంట మోగినట్టే. పాఠకులకి అది మీకంటే ముందే తెలిసిపోతుంది.

ఆపాలనుకున్నప్పుడు ఆఖరి సంచికలో ఆ మాట చెప్పండి. వేరే ఖాతాలో చందా డబ్బు కదల్చకుండా ఉంచి ఉంటే మిగిలిన నెలల సొమ్ము తిరిగివ్వడం ఒక మధ్యాహ్నం పని. డబ్బు వద్దన్నవాళ్లకి పుస్తకాలు పంపండి. పోర్టల్‌లో ప్రచురణ నిలిపివేత తెలియజేయండి, పోస్టాఫీసు వాళ్లకి ఒక ఉత్తరం రాయండి. ప్రతి సంవత్సరం సంచికలని బైండు చేయించి వేటపాలెం సారస్వత నికేతనానికి, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి ఒక్కో సెట్టు ఇవ్వండి. యూనికోడ్ ఫైళ్లు రెండు చోట్ల దాచండి. ప్రెస్సు బాకీ తీరిన రసీదు తీసుకోండి.